మన రక్తమే మనకు మందా?

మోచేతికీ, మోకాలికీ కొత్తగా వినిపిస్తున్న 'పీఆర్పీ' ఇంజెక్షన్ కథా కమామీషు

ప్లేట్‌లెట్లు అనే మాట మన ఇళ్లల్లోకి డెంగీ జ్వరంతో పాటు వచ్చింది. వానలు మొదలయ్యాయంటే చాలు, "మా బాబుకి నలభై వేలకి పడిపోయాయండీ", "మా అమ్మాయికి లక్ష దాటాయట, ఇంక భయం లేదన్నారు" అంటూ కూరగాయల బండి దగ్గర కూడా అవే లెక్కలు. డిగ్రీ చదవని అమ్మమ్మలు కూడా ప్లేట్‌లెట్ల సంఖ్య అడిగి తెలుసుకుంటున్నారు.

ఆ ప్లేట్‌లెట్లే ఇప్పుడు ఇంకో తలుపు తట్టాయి. మోకాళ్ల నొప్పులకి, భుజం నొప్పికి, మోచేతి నొప్పికి "మీ రక్తమే తీసి, అందులోని ప్లేట్‌లెట్లు వేరుచేసి, నొప్పి ఉన్నచోట ఇంజెక్షన్ చేస్తాం" అంటున్నారు. దీని పేరు ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. పొట్టిగా పీఆర్పీ. పెద్ద నగరాల్లోనే కాదు, మనలాంటి చిన్న ఊళ్లల్లో కూడా ఆ బోర్డులు కనిపిస్తున్నాయి. జుట్టు రాలకుండా, మొహం మెరిసేలా కూడా ఇదే ఇస్తామంటున్నారు గానీ ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇప్పటికి కీళ్ల సంగతే చూద్దాం.

నేను కథలు రాసుకునేదాన్ని, డాక్టర్ని కాను. అయితే రెండేళ్లలో రెండుసార్లు ఈ ఇంజెక్షన్ ప్రశ్న మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది. ఒకసారి నా మోచేతి కోసం, ఇంకోసారి మా పిన్ని మోకాళ్ల కోసం. అప్పుడు డాక్టర్లని అడిగి తెలుసుకున్నవీ, చదివి అర్థం చేసుకున్నవీ మీతో పంచుకోవాలనిపించింది.

టెన్నిస్ ఆడకుండానే టెన్నిస్ ఎల్బో

నా కుడి మోచేయి బయటివైపు, ఎముక పొడుచుకొచ్చినట్టుండే చోట నొప్పి మొదలైంది. కాఫీ గ్లాసు ఎత్తితే నొప్పి. తలుపు గొళ్లెం తీస్తే నొప్పి. తడిబట్ట పిండితే ప్రాణం పోయినంత పని. కలం పట్టుకుని రెండు పేజీలు రాస్తే మూడో పేజీకి చెయ్యి మొరాయించేది. ఎముకల డాక్టరుగారు అక్కడ వేలుతో నొక్కి చూసి, మణికట్టు పైకెత్తమని తన చెయ్యి అడ్డుపెట్టి, "టెన్నిస్ ఎల్బో అమ్మా" అన్నారు.

"నేను జన్మలో టెన్నిస్ బ్యాటు పట్టుకోలేదండీ!" అన్నాను.

"అప్పడాల కర్ర పట్టుకున్నారుగా!" అని నవ్వారాయన.

మణికట్టుని వెనక్కి ఎత్తే కండరాలు మోచేతి ఎముకకి ఒక గట్టి తాడులాంటి దానితో అతుక్కుని ఉంటాయి. ఆ తాడునే స్నాయువు అంటారు. డాక్టర్లు టెండన్ అంటారు. బట్టలు పిండటం, చపాతీలు ఒత్తడం, కొబ్బరి కోరడం, నిండు కుక్కరు ఒంటిచేత్తో దించడం... రోజూ ఆ తాడు మీద అదే లాగుడు. కొన్నేళ్లకి దాని లోపలి పోగులు చెదురుతాయి. ముప్ఫై అయిదు, యాభై అయిదేళ్ల మధ్యవాళ్లకి ఇది ఎక్కువ. ముదిరిన నొప్పిలో వాపు పెద్దగా ఉండదట. మానడం సగంలో ఆగిపోయిన గాయంలాంటిది. స్నాయువుకి రక్తప్రసరణ తక్కువ కాబట్టి మానడం కూడా నిదానమే.

పీఆర్పీ ఆలోచనకి మూలం ఇక్కడే ఉంది. రక్తం సరిగా అందని చోటికి, రక్తంలో ఉన్న మాన్పే సరుకుని మనమే తీసుకెళ్లి పెడితే ఎలా ఉంటుంది?

పెరుగు చిలికినట్టు

మన రక్తం ఒక్కో మైక్రోలీటరులో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. రక్తం గడ్డకట్టడంలో వీటి పాత్రని 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో బిజ్జోజెరో వివరించాడు. కత్తిపీటకి వేలు తెగితే ముందుగా పరుగెత్తుకొచ్చి రక్తం ఆపేవి ఇవే. అంతటితో వాటి పని అయిపోదు. వాటి లోపల చిన్న చిన్న సంచుల్లో పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్లు దాగి ఉంటాయి. అవి బయటికొచ్చి, బాగుచేసే కణాలని ఆ చోటికి రప్పిస్తాయి. కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి. తాపీమేస్త్రీ వచ్చి కూలీలని కేకేసినట్టు అన్నమాట.

ఇంజెక్షన్ తయారీ విధానం చూడటానికి తేలికే. చేతి నరం నుంచి రక్తం తీస్తారు. పద్ధతిని బట్టి 15 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా. గడ్డకట్టకుండా మందు కలిపిన గొట్టంలో పోసి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పుతారు. పెరుగు చిలికితే వెన్న వేరైనట్టు, బరువైన ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి. పసుపుపచ్చటి ప్లాస్మా పైకి తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని సిరంజిలోకి తీసి, దెబ్బతిన్న స్నాయువు దగ్గరో కీలులోపలో ఎక్కిస్తారు. సూది సరైన చోటికి వెళ్తోందో లేదో అల్ట్రాసౌండ్ స్కానింగులో చూస్తూ చేసే డాక్టర్లు కూడా ఉన్నారు. ఆస్పత్రిలో పడుకోనక్కరలేదు, ఆపూటే ఇంటికి వచ్చేయొచ్చు. తర్వాత కొద్దిరోజులు నొప్పి పెరగడం మామూలే. ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనికి అడ్డం పడతాయి కాబట్టి ముందూ వెనకా కొన్నాళ్లు వాటిని ఆపమంటారు.

గుండె ఆపరేషన్ నుంచి ఆటమైదానం దాకా

ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. గుండె ఆపరేషన్లలో రోగి రక్తం నుంచే పీఆర్పీ తయారుచేసి వాడటం గురించి 1987లోనే రాశారు. 1998లో అమెరికాలో దవడ ఎముక అతికే ఆపరేషన్లలో వాడి చూశారు. టెన్నిస్ ఎల్బో మీద 2006లో వచ్చిన తొలి పరిశోధన 20 మందితో చేసిన చిన్న ప్రయత్నం.

ఊరంతా తెలిసేలా చేసింది మాత్రం ఆటగాళ్లే. 2009లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్ మోకాలికి దెబ్బ తగిలితే, పీఆర్పీ వేయించుకుని రెండు వారాల్లోనే సూపర్ బౌల్ ఫైనల్ ఆడాడు. అతని జట్టు గెలిచింది కూడా. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్, టెన్నిస్ వీరుడు రఫెల్ నడాల్ పేర్లు కూడా వార్తల్లోకొచ్చాయి. క్రీడల్లో ఉత్ప్రేరకాలని అరికట్టే 'వాడా' సంస్థ 2010లో పీఆర్పీని కండరాల్లోకి ఎక్కించడాన్ని నిషేధించి, ఆటసామర్థ్యం పెరుగుతుందనడానికి ఆధారం లేదని 2011లో ఆ నిషేధం తీసేసింది.

ఆటగాడికి తగ్గింది కాబట్టి మనకీ తగ్గుతుందా? అతనికి రోజంతా వెంట ఉండే ఫిజియోథెరపిస్టు ఉంటాడు, వంటింటి పని ఉండదు. పైగా ఇంజెక్షన్ లేకపోయినా తగ్గేదేమో ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్నకి జవాబు వెతికే పద్ధతి ఒకటుంది.

ఉప్పునీళ్లతో పోటీ

రోగులని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడగొడతారు. ఒక గుంపుకి పీఆర్పీ, ఇంకో గుంపుకి ఉత్త ఉప్పునీళ్లు, అంటే సెలైన్. ఎవరికి ఏది వేశారో రోగికి తెలియదు. నొప్పి ఎంతుందో రాసుకునేవాళ్లకీ తెలియదు. గెలిస్తే అప్పుడది మందు గొప్పతనం.

మోకాళ్ల అరుగుదల మీద ఆస్ట్రేలియాలో అలాంటి పరీక్ష చేసి 2021లో ఫలితాలు ప్రకటించారు. యాభై ఏళ్లు దాటిన 288 మందికి వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. ఏడాది తిరిగాక పదికి కొలిచే నొప్పి లెక్కలో పీఆర్పీ వాళ్లకి 2.1 తగ్గింది. ఉప్పునీళ్ల వాళ్లకి 1.8 తగ్గింది. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదన్నారు. మనవాళ్లు 'గుజ్జు' అనే మృదులాస్థి సంగతేమిటంటే, పీఆర్పీ గుంపులో 1.4 శాతం, ఉప్పునీళ్ల గుంపులో 1.2 శాతం తగ్గింది. అంటే ఎవరికీ పెరగలేదు.

అదే ఏడాది మడమ వెనకాల ఉండే అకిలీజ్ స్నాయువు నొప్పి మీద బ్రిటన్‌లో 240 మందితోనూ, చీలమండ అరుగుదల మీద నెదర్లాండ్స్‌లో 100 మందితోనూ చేసిన పరీక్షల్లో కూడా పీఆర్పీ పైచేయి కాలేదు.

మరి టెన్నిస్ ఎల్బో? 2010లో నెదర్లాండ్స్‌లో 100 మంది మీద జరిగిన పరిశోధన పీఆర్పీకి బాగా పేరు తెచ్చింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కంటే ఏడాది చివర పీఆర్పీయే మెరుగని తేలింది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. 2013లో ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసిన పరిశోధనలో, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 54 శాతానికి నొప్పి తిరగబెట్టింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో తిరగబెట్టింది 12 శాతానికే. స్టెరాయిడ్ మొదటి వారాల్లో హాయినిచ్చి తర్వాత వెనక్కి లాగుతుందన్నమాట. పక్కవాడు వెనక్కి నడుస్తుంటే మనం నిలబడి ఉన్నా ముందుకెళ్లినట్టే కనిపిస్తుంది కదా! 2021లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 32 పరిశోధనలు, 2,337 మంది రోగుల వివరాలు కలిపి చూసి, మోచేతి నొప్పికి ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే పీఆర్పీ వల్ల చెప్పుకోదగ్గ మేలు బహుశా లేదని తేల్చింది.

ఇంకో పక్కవాళ్ల వాదన కూడా వినాలి. ఆస్ట్రేలియా మోకాళ్ల పరీక్షలో వాడిన పీఆర్పీలో ప్లేట్‌లెట్లు తగినంత చిక్కగా లేవంటారు దీన్ని సమర్థించే డాక్టర్లు. మోకాళ్లకి వేసే హయలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ కంటే ఇది నయమన్న పరిశోధనలు కూడా చాలానే వచ్చాయి. అసలు చిక్కు ఏమిటంటే, పీఆర్పీ అంటే ఒక కంపెనీ మాత్రలాగా ఎక్కడైనా ఒకటే కాదు. ఒక్కో యంత్రం, ఒక్కో పద్ధతి, ఒక్కో రోగి రక్తం. మన ఇంటి సాంబారూ పక్కింటి సాంబారూ ఒకటవుతాయా? అందుకే పెద్ద పెద్ద సంస్థలు కూడా తలో మాట అన్నాయి. 2019లో అమెరికా కీళ్లవాత వైద్యుల సంఘం మోకాళ్ల అరుగుదలకి దీన్ని గట్టిగా వద్దంది. 2021లో అక్కడి ఎముకల వైద్యుల సంఘం నొప్పి తగ్గొచ్చు గానీ ఆధారం పరిమితమేనంది. బ్రిటన్ సంస్థ నైస్ 2019లో పెద్ద ప్రమాదమేమీ కనబడలేదు, ఫలితం మీద మాత్రం నాణ్యమైన ఆధారాలు తక్కువంది.

మా స్నేహితురాలొకామె బ్యాంకులో పనిచేస్తుంది. మోచేతికి పీఆర్పీ వేయించుకుంది. ఆరు నెలల్లో తగ్గిపోయిందని సంతోషంగా చెప్పింది. నేను వేయించుకోలేదు. ఫిజియోథెరపీ వ్యాయామం చేశాను, మోచేతి కింద పట్టీ కట్టుకున్నాను, ఇంట్లో బట్టలు పిండే పని నాది కాదని చెప్పేశాను. నాకు ఎనిమిది నెలలు పట్టింది. తన కథా రుజువు కాదు, నా కథా రుజువు కాదు. ఎందుకంటే టెన్నిస్ ఎల్బో ఏ మందూ లేకుండానే ఏడాది లోపు ఎక్కువమందికి తగ్గిపోయే జబ్బు.

పిన్ని మోకాళ్లు, చీటీ డబ్బులు

మా పిన్నికి అరవై రెండేళ్లు. లేచి నిలబడాలంటే మోకాళ్ల మీద చేతులు ఆనించాల్సిందే. ఎవరో చెబితే ఒక క్లినిక్‌కి వెళ్లింది. ఎక్స్‌రే చూసి, "గుజ్జు అరిగింది. ఒక్కో మోకాలికి మూడేసి పీఆర్పీ ఇంజెక్షన్లు వేస్తే మళ్లీ పెరుగుతుంది" అన్నారట. ఆవిడ నాలుగేళ్లు కట్టి పాడుకున్న చీటీ డబ్బు దాదాపు అంతా దానికే సరిపోతుంది. నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, నువ్వు నాలుగు పుస్తకాలు చదివేదానివి. ఒకసారి నాతో రావే" అంది.

వెళ్లాను. "గుజ్జు పెరిగిందని ఎలా చూపిస్తారండీ? మళ్లీ ఎక్స్‌రే తీస్తారా? తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు?" అని అడిగాను. కౌంటరులో అమ్మాయి, "అవన్నీ తర్వాత చెబుతారు మేడమ్. ఈరోజు అడ్వాన్సు కడితే ప్యాకేజీలో తగ్గింపు ఉంది" అంది. చీరలకి తగ్గింపు ఉంటుంది, సరే. మోకాళ్లకి కూడానా!

అడ్వాన్సు కట్టకుండా బయటికొచ్చి, నా మోచెయ్యి చూసిన డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్స్‌రే చూసి, "ఈ ఇంజెక్షన్ తప్పని నేననను. కొంతమందికి కొన్ని నెలలు హాయిగా ఉంటుంది. కానీ గుజ్జు పెరుగుతుందన్న మాట మాత్రం నా నోట రాదు. ముందు మూడు నెలలు తొడ కండరాల వ్యాయామం చెయ్యండమ్మా. బరువు కొంచెం తగ్గండి. అప్పటికీ కాకపోతే మాట్లాడుకుందాం" అన్నారు. శరీరం ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు మోకాలి మీద పడే భారం అడుగడుక్కీ నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఆ మాట వినేసరికి పిన్ని కళ్లు పెద్దవయ్యాయి.

బస్సులో తిరిగొస్తుంటే పిన్ని ఒక మాటంది. "ఇంజెక్షన్ వేయించుకుంటే పది రోజులు పని చెయ్యొద్దన్నారే. ఆ పది రోజులైనా కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని ఆశపడ్డానేమో!"

నాకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. పిన్ని కొడుకు చెడ్డవాడు కాదు, కోడలూ చెడ్డది కాదు. "డబ్బుదేముందమ్మా, వేయించేసుకో" అన్నారు ఇద్దరూ. మేడ మీదకి తడిబట్టల బకెట్టు ఎవరు మోస్తున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. సూది వేయించుకుంటే తప్ప మనకి విశ్రాంతి దొరకదా? డాక్టరు చీటీ మీద రాస్తేనే ఇంట్లో వాళ్లు నమ్ముతారా?

అందుకే ఆ డాక్టరుగారినే అడిగి కాగితం మీద రాయించుకున్నాం. మెట్లెక్కి బరువులు మోయకూడదు, కింద కూర్చుని కూరలు తరగకూడదు, రోజూ రెండుపూటలా వ్యాయామం అని. పిన్ని దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. బట్టల బకెట్టు కొడుకు చేతికి మారింది. వంటింట్లోకి ఎత్తుపీట వచ్చింది. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. నొప్పి పూర్తిగా పోలేదు, మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతోందట. చీటీ డబ్బు ఆవిడ పేరు మీదే బ్యాంకులో ఉంది. "మరీ కావాల్సొస్తే అప్పుడు చూద్దాం" అంటోంది.

ముందుగా చేసి చూడాల్సినవి

టెన్నిస్ ఎల్బోకి ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా అరలీటరు నీళ్ల సీసా పట్టుకోవాలి. రెండో చేత్తో మణికట్టుని పైకెత్తి, వదిలి, నొప్పి ఉన్న చేత్తో నిదానంగా కిందికి దించాలి. దించడమే అసలు వ్యాయామం. మోకాళ్లకి వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండో కాలు తిన్నగా ఉంచి కొద్దిగా పైకెత్తి నిలపాలి. ఎన్నిసార్లు, ఎంత బరువు అన్నది ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండుసార్లు నేర్చుకుని మొదలుపెట్టండి. వారంలో తగ్గలేదని మానేయకండి. స్నాయువుకి నెలల లెక్క.

డాక్టరుగారిని ఇవి అడగండి

పీఆర్పీ వేయించుకోవాలనే అనుకుంటే వేయించుకోండి. కానీ ముందు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

• నా జబ్బు పేరేమిటి? ఏ దశలో ఉంది? స్నాయువు పూర్తిగా తెగిందా, పాక్షికంగానా?

• వ్యాయామం, బరువు తగ్గడం ఎన్నాళ్లు చేశాక ఈ ఇంజెక్షన్ గురించి ఆలోచించాలి?

• మొత్తం ఎన్ని ఇంజెక్షన్లు? అన్నీ కలిపి ఖర్చెంత? ఆరోగ్య బీమా వర్తిస్తుందా?

• ఇంజెక్షన్ డాక్టరుగారే చేస్తారా? స్కానింగులో చూస్తూ చేస్తారా?

• నేను వాడే మందులతో ఇబ్బంది ఉందా? రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లు, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, క్యాన్సర్ చికిత్స పొందినవాళ్లు ఇది తప్పకుండా చెప్పాలి. రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

• తగ్గకపోతే తర్వాతి దారేమిటి?

ఇంకొక్క మాట. మన రక్తమే కాబట్టి పడకపోవడమనేది అరుదు. అయినా సూది, గొట్టం కొత్తవై ఉండాలి, మన కళ్లముందే విప్పాలి. అమెరికాలోని న్యూమెక్సికోలో ఒక సౌందర్యశాలలో ముఖానికి పీఆర్పీ చేయించుకున్న కొందరు మహిళలకి హెచ్ఐవీ సోకింది. 2018లో బయటపడిన ఆ ఉదంతంపై అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2024లో నివేదిక ఇచ్చింది. శుభ్రత గురించి అడగడానికి మొహమాటపడకండి.

"గ్యారంటీ" అన్నా, "ఈరోజే కడితే తగ్గింపు" అన్నా ఒక వారం ఆగండి. మోకాళ్ల అరుగుదల, ముదిరిన మోచేతి నొప్పి వారంలో ముంచుకుపోయే జబ్బులు కావు. కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, దెబ్బ తగిలి చెయ్యి ఎత్తలేకపోయినా మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించాలి. మిగతావాళ్లు ఆ వారంలో ఇంకో డాక్టరు మాట వినండి. ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి, బకెట్టు ఎవరు మోస్తారో కూడా మాట్లాడండి.